గంపలోకి బంతి

ప్రతి ఆటకూ ఒక ప్రాణం ఉంటుంది. కబడ్డీకి కూత ప్రాణం. ఖోఖోకు పరుగు ప్రాణం. బాస్కెట్‌బాలుకు గురి ప్రాణం. ఈ ఆటలో క్రీడాకారుడు గాలిలా పరుగెత్తవచ్చు. ఎదుటి జట్టువారిని చాకచక్యంగా తప్పించుకోవచ్చు. తోటివారికి సకాలంలో బంతిని అందించవచ్చు. కాని చివరకు ఆ బంతి రింగులో పడకపోతే ఆ శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే. మరి ఈ గురి ఎలా అలవడుతుంది? కొందరికి పుట్టుకతోనే వస్తుందా? నేర్చుకుంటే ఎవరికైనా వస్తుందా? నేర్పే గురువు అందులో చేసే పని ఏమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం కావాలంటే ముందుగా ఈ ఆట పుట్టిన తీరును తెలుసుకోవాలి.

చిక్కబళ్ళాపురం జిల్లాలోని సాదలి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల పిల్లలకు గురి అనేది కొత్త విద్య కాదు. గోలీలాటలో, చిల్లాకట్టెలో, చింతకాయల కోసం చెట్టు మీదికి రాయి విసరడంలో వారి కన్నూ చేయీ కలిసి పనిచేస్తూనే ఉంటాయి. ఇటువంటి రాళ్ళ ఆట ఒకటి కెనడా దేశపు పల్లెల్లో కూడా ఉండేది. ఒక పెద్ద బండ మీద చిన్న రాయిని నిలబెడతారు. పిల్లలు కొంత దూరం నుంచి తమ తమ రాళ్ళు విసిరి దానిని పడగొట్టాలి. ఒకడు అక్కడే కాపలా ఉంటాడు. బలంగా, సూటిగా విసిరినవాడి రాయి గురి తప్పితే దూరంగా పోయి పడుతుంది. దానిని తెచ్చుకొనేలోగా కాపలావాడు అతనిని పట్టుకుంటాడు. అదే రాయిని కొంచెం పైకి ఎత్తి, మెల్లగా వంపుగా విసిరినవాడికి గురీ కుదురుతుంది, రాయీ దగ్గరలోనే పడుతుంది. ఈ సంగతిని బాల్యంలో ఆటలాడుతూ గ్రహించిన ఒక పిల్లవాడు పెద్దవాడై ఉపాధ్యాయుడయ్యాడు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాలు ఆటను రూపొందించినది ఆయనే.

1891వ సంవత్సరంలో నైస్మిత్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో వ్యాయామం నేర్పుతుండేవాడు. అది చలికాలం. విద్యార్థులు బయట ఆడుకోవడానికి వీలులేదు. గదిలో చేసే కసరత్తులంటే వారికి విసుగు. నాలుగు గోడల మధ్య ఆడదగిన ఒక కొత్త ఆటను తయారుచేయమని పై అధికారి నైస్మిత్‌ను ఆదేశించాడు. నైస్మిత్ బాగా ఆలోచించాడు. ఫుట్‌బాలులో వలె గోలు నేలమీద నిలువుగా ఉంటే ఆటగాళ్ళు శక్తికొలదీ బంతిని విసురుతారు. ఇరుకైన గదిలో దెబ్బలు తగులుతాయి. గోలు తలకు మించిన ఎత్తులో, నోరు పైకి తెరచుకొని ఉంటే ఎవరూ బలం చూపలేరు. బంతిని వంపుగా, మెత్తగా వదలక తప్పదు. చిన్ననాటి రాళ్ళ ఆట ఆయనకు ఇక్కడ దారి చూపింది. పాఠశాల పనివాడు రెండు పండ్ల గంపలు తెచ్చి ఇచ్చాడు. వాటిని నేలనుంచి 10 అడుగుల ఎత్తున మేడ అంచుకు మేకులతో బిగించారు. బాస్కెట్ అంటే గంప. అందుచేతనే ఆటకు ఆ పేరు వచ్చింది.

ఆ డిసెంబరు నెలలో జరిగిన మొదటి ఆటలో జట్టుకు తొమ్మిది మంది చొప్పున పద్ధెనిమిది మంది పాల్గొన్నారు. ఆట మొత్తంలో బంతి ఒకే ఒక్కసారి గంపలో పడింది. అప్పటి గంపలకు అడుగు ఉండేది కాబట్టి, పడిన బంతిని నిచ్చెన ఎక్కి తీయవలసి వచ్చేది. కాలక్రమాన గంప పోయి ఇనుప రింగు వచ్చింది. దానికి అడుగులేని వల వచ్చింది. వెనుక బోర్డు వచ్చింది. జట్టుకు ఐదుగురు చాలునని నిర్ణయించారు. ఇన్ని మార్పులు జరిగినా ఒక్కటి మాత్రం మారలేదు. నైస్మిత్ గంప కట్టిన 10 అడుగుల ఎత్తే, అనగా 3.05 మీటర్లే, నేటికీ ప్రపంచమంతటా రింగు ఎత్తు.

మన దేశంలో పురుషుల జాతీయ పోటీలు 1934లో న్యూఢిల్లీలో మొదలయ్యాయి. భారత బాస్కెట్‌బాలు సమాఖ్య 1950లో ఏర్పడింది. 1980లో మాస్కో ఒలింపిక్ క్రీడలలో భారత పురుషుల జట్టు ఆడింది. సాదలికి దక్షిణాన ఉన్న బెంగళూరులోని శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియంలో 2017 జూలైలో ఆసియా మహిళల పోటీల రెండవ శ్రేణి పందెం జరిగింది. తుది ఆటలో భారత జట్టు కజకిస్తాన్‌ను ఓడించి మొదటి శ్రేణికి చేరుకుంది. భారత్ చేసిన పాయింట్లు 75. కజకిస్తాన్ చేసినవి 73. తేడా రెండే రెండు పాయింట్లు. మామూలుగా రింగులో పడిన ఒక్క బంతికి వచ్చేవి రెండు పాయింట్లు. ఒక దేశపు గెలుపోటములు ఒక్క బంతి మీద ఆధారపడి ఉండవచ్చని ఈ లెక్క తెలుపుతుంది. అందుకే శిక్షకులు బంతి వేసే పద్ధతి మీద అంతగా శ్రద్ధ పెడతారు.

చెట్టు మీది కాయను కొట్టే రాయికీ, రింగులో పడవలసిన బంతికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. కాయను రాయి ఏ పక్క నుంచి తాకినా చాలు. కాని రింగు నోరు ఆకాశం వైపు ఉంటుంది. బంతి పైనుంచి దిగితేనే అందులోకి పోతుంది. రింగు లోపలి అడ్డుకొలత 45 సెంటీమీటర్లు. పెద్దలు ఆడే బంతి అడ్డుకొలత సుమారు 24 సెంటీమీటర్లు. నిట్టనిలువుగా పైనుంచి దిగే బంతికి రింగు 45 సెంటీమీటర్ల గుండ్రని వాకిలి. బంతి వాలుగా వచ్చేకొద్దీ ఆ వాకిలి ఇరుకవుతుంది. నీళ్ళ బిందెను నెత్తిమీది నుంచి చూస్తే మూతి గుండ్రంగా కనిపిస్తుంది. పక్కకు జరిగి చూస్తే అదే మూతి కోడిగుడ్డు ఆకారంలో సన్నబడుతుంది. రింగు కూడా అంతే. బంతి 60 డిగ్రీల వాలులో దిగితే వాకిలి వెడల్పు సుమారు 39 సెంటీమీటర్లు. 45 డిగ్రీలైతే సుమారు 32. 30 డిగ్రీలకు తగ్గితే ఇరవైరెండున్నర మాత్రమే. అది బంతి కంటే చిన్నది. అటువంటి బంతి అంచుకు తగలకుండా లోపలికి పోవడం సాధ్యం కాదు.

అలాగని బంతిని మరీ ఎత్తుగా విసిరినా కష్టమే. ఎత్తు పెరిగేకొద్దీ ఎక్కువ బలం కావాలి. బలం పెరిగేకొద్దీ చేయి అదుపు తప్పుతుంది. కనుక మధ్యమార్గమే మేలు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజనీర్లు కంప్యూటరు సహాయంతో లక్షలాది షాట్లను లెక్కకట్టి 2008లో తమ ఫలితాలను ప్రకటించారు. ఫ్రీ త్రో వేసే పొడగరి ఆటగాడు బంతిని సుమారు 52 డిగ్రీల కోణంలో వదలాలని, బంతి సెకనుకు మూడు చుట్లు వెనుకకు తిరుగుతూ పోవాలని, రింగు వెనుక భాగం వైపు గురి ఉండాలని వారు తేల్చారు. రాళ్ళ ఆటలో ఒక పల్లె పిల్లవాడు చేతితో కనిపెట్టిన సత్యాన్నే ఆ లెక్కలు కూడా బలపరిచాయి.

బంతిని అలా వంపుగా, ప్రతిసారీ ఒకే తీరుగా పంపడం ఎలా? శిక్షకులు దీనిని నాలుగు మెట్లుగా నేర్పుతారు. అవి నిలకడ, పట్టు, చూపు, ముగింపు.

మొదటిది నిలకడ. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. బంతి వేసే చేతి వైపు పాదం కొంచెం ముందుకు ఉండాలి. మోకాళ్ళు కొద్దిగా వంగాలి. చూసేవారికి బంతిని చేయి విసిరినట్లు కనిపిస్తుంది. నిజానికి బలం పుట్టేది కాళ్ళలో. వంగిన మోకాళ్ళు లేచేటప్పుడు ఆ బలం నడుము మీదుగా భుజానికి, భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి మణికట్టుకు, చివరకు వేళ్ళకు చేరుతుంది. కాళ్ళు ఊరకుండి చేయి ఒక్కటే పనిచేస్తే చేయి త్వరగా అలసిపోతుంది. అలసిన చేతికి గురి నిలవదు.

రెండవది పట్టు. బంతి అరచేతిలో అతుక్కొని ఉండకూడదు. వేళ్ళ మొదళ్ళ మీద, కొనల మీద నిలవాలి. అరచేతి నడుమ కొద్దిగా ఖాళీ ఉండాలి. మోచేయి బంతికి సరిగ్గా కింద ఉండాలి. అది పక్కకు విచ్చుకుంటే బంతి కూడా పక్కకు పోతుంది. రెండవ చేయి బంతికి పక్కన ఊతగా మాత్రమే ఉండాలి. గోడ కట్టేటప్పుడు తాపీ పనివాడు వాడే తూకపు గుండు గోడను తొయ్యదు. అది నిలువుగా ఉందో లేదో మాత్రమే చూపుతుంది. రెండవ చేయి పని కూడా అటువంటిదే. ఆ చేతి బొటనవేలు బంతిని తోస్తే షాటు చెడుతుంది.

మూడవది చూపు. కన్ను బంతి మీద కాక రింగు మీద ఉండాలి. బంతి చేయి దాటిన తరువాత కూడా చూపు దాని వెంట పోకూడదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ అనే పరిశోధకురాలు ఫ్రీ త్రో వేసే క్రీడాకారిణుల కంటి కదలికలను పరికరాలతో పరిశీలించి 1996లో ఒక విషయం వెల్లడించింది. మంచి గురి గలవారు బంతి వేయడానికి ముందు తమ చూపును రింగు మీద ఒకేచోట ఎక్కువసేపు నిలుపుతారు. గురి తక్కువగా ఉన్నవారి చూపు అటూ ఇటూ తిరుగుతుంది. చెదిరే చూపు చెదిరే చేతికి కారణమవుతుంది.

నాలుగవది ముగింపు. చేయి పూర్తిగా పైకి చాచిన తరువాత మణికట్టు ముందుకు వాలాలి. వేళ్ళు రింగు వైపు కిందికి వంగాలి. బంతిని చివరగా వదిలేది చూపుడు వేలు, మధ్య వేలు. ఈ కదలిక వల్ల బంతి వెనుకకు తిరుగుతూ పోతుంది. దాని ప్రయోజనం ఏమిటి? తిరగని బంతి రింగు అంచుకో, బోర్డుకో తగిలితే ఎగిరి దూరంగా పోవచ్చు. వెనుకకు తిరిగే బంతి తగలగానే వేగం తగ్గి కిందికి వాలుతుంది. అందువలన కొద్దిగా గురి తప్పిన బంతికి కూడా లోపల పడే అవకాశం మిగులుతుంది. బంతి రింగును చేరేవరకు చేయి అలాగే పైన నిలిచి ఉండాలి. అప్పుడే శిక్షకుడు ఆ చేతిని చూసి తప్పొప్పులు గుర్తించగలుగుతాడు.

ఈ నాలుగూ పుస్తకంలో చదివి ఎవరైనా చెప్పవచ్చు. మరి శిక్షకుని గొప్పతనం ఎక్కడ ఉంది? తప్పిన బంతిని చదవడంలో ఉంది. ఆడేవారికి బంతి తప్పిందని మాత్రమే తెలుస్తుంది. అది ఎందుకు తప్పిందో శిక్షకుడికి తెలుస్తుంది. బంతి మళ్ళీ మళ్ళీ రింగు ముందరి అంచుకు తగులుతుంటే అతడు ఆటగాని మోకాళ్ళ వైపు చూస్తాడు. ఎప్పుడూ కుడికో ఎడమకో పోతుంటే మోచేతిని, ఊత చేతి బొటనవేలిని చూస్తాడు. వెనుక అంచుకు గట్టిగా తగిలి వెనక్కి ఎగురుతుంటే వంపు తక్కువైందని గ్రహిస్తాడు. ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు, ఇంకొకసారి దూరంగా పోతుంటే పాదాలు ప్రతిసారీ వేరువేరుగా నిలుస్తున్నాయేమోనని పరీక్షిస్తాడు. నాడి చూసి రోగం తెలుసుకొనే వైద్యునికి, తప్పిన బంతిని చూసి లోపం తెలుసుకొనే శిక్షకునికి పోలిక ఉంది.

లోపం తెలిసిన తరువాత మంచి శిక్షకుడు దానిని ఒక్కొక్కటిగానే సరిచేస్తాడు. "మోకాలు వంచు, మోచేయి లోపలికి పెట్టు, వేళ్ళు విప్పు, రింగు చూడు" అని ఒకే ఊపిరిలో చెబితే విద్యార్థి అన్నీ మరచిపోతాడు. "ఈ వారం మోకాళ్ళ సంగతి ఒక్కటే చూద్దామమ్మా. బంతి పడినా పడకపోయినా పరవాలేదు" అన్న ఉపాధ్యాయుని మాట విద్యార్థినికి ధైర్యాన్నిస్తుంది. పది బంతులు తప్పినా మోకాళ్ళు పదిసార్లూ సరిగా వంగితే ఆ రోజు పాఠం నెగ్గినట్లే. పద్ధతి చెడి అదృష్టం కొద్దీ లోపల పడిన బంతిని చూసి చప్పట్లు కొట్టే గురువు విద్యార్థికి తెలియకుండానే చెడ్డ అలవాటు నేర్పినవాడవుతాడు.

సాధన రింగుకు దగ్గరగా మొదలు కావాలి. మొదట రెండు మూడు అడుగుల దూరంలో నిలిచి, ఒంటి చేత్తో బంతిని ఎత్తి మెల్లగా వదలాలి. అది కుదిరిన తరువాత రెండవ చేయి ఊతగా చేర్చాలి. తరువాత ఒక అడుగు వెనుకకు జరగాలి. పద్ధతి చెడినట్లు తోస్తే మళ్ళీ ఒక అడుగు ముందుకు రావాలి. తొందరపడి దూరం నుంచి వేసేవారు బలం చాలక భుజం మీది నుంచో, నడుము దగ్గర నుంచో బంతిని తోస్తారు. ఆ తోపు అలవాటైపోతుంది. తరువాత దానిని మాన్పించడం కష్టం.

చిన్న పిల్లల విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పెద్దల బంతి బరువు సుమారు 600 గ్రాములు. రింగు ఎత్తు 10 అడుగులు. పదేళ్ళ పిల్లకు ఆ బంతి బరువు, ఆ రింగు దూరం. ఎలాగైనా రింగును అందుకోవాలన్న పట్టుదలతో ఆ పిల్ల ఒళ్ళంతా వంచి, రెండు చేతులతో బంతిని ఎగరేస్తుంది. తప్పు పిల్లది కాదు. వయసుకు మించిన కొలతలది. అందుచేతనే పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మినీ బాస్కెట్‌బాలు అనే ఆటను ఏర్పరచారు. అందులో రింగు ఎత్తు 2.60 మీటర్లు. బంతి చిన్నది, తేలికైనది. దాని బరువు 500 గ్రాములకు మించదు. చిన్న చేతికి చిన్న బంతి ఇవ్వడం ముద్దు చేయడం కాదు. సరైన పద్ధతి నేర్పడానికి అదే తొలి మెట్టు.

పాత అలవాటును మార్చుకోవడం ఎంత కష్టమో స్టీఫెన్ కర్రీ జీవితం తెలుపుతుంది. అమెరికా దేశపు ఈ క్రీడాకారుడు బాల్యంలో చిన్న శరీరం కలవాడు. బలం చాలక బంతిని నడుము దగ్గర నుంచి ఎత్తి వేసేవాడు. అయినా బంతులు పడుతూనే ఉండేవి. అతని తండ్రి డెల్ కర్రీ కూడా పేరుపొందిన ఆటగాడే. ఎత్తైన ఎదుటివారు ఆ కింది నుంచి వచ్చే బంతిని సులువుగా అడ్డుకొంటారని ఆయన ముందే గ్రహించాడు. ఉన్నత పాఠశాలలో చదువుతున్న కొడుకు చేత ఒక వేసవి సెలవులలో ఆ పద్ధతిని పూర్తిగా మార్పించి, బంతిని తలపై నుంచి వదలడం నేర్పాడు. ఆ వేసవి కొడుకుకు చేదుగా గడిచింది. వారాల తరబడి రింగుకు దగ్గర నుంచి తప్ప దూరం నుంచి బంతి వేయలేకపోయాడు. బాగా వచ్చిన విద్య చేయిజారిపోయినట్లయింది. అయినా తండ్రి వదలలేదు, కొడుకు మానలేదు. ఆ కుర్రవాడే పెద్దవాడై, 2021 డిసెంబరులో అమెరికా ప్రధాన పోటీల చరిత్రలో అందరికంటే ఎక్కువ మూడు పాయింట్ల షాట్లు వేసిన ఆటగాడిగా పేరు గడించాడు. కొత్త పద్ధతి నేర్చుకొనేటప్పుడు ఫలితం ముందు తగ్గి, తరువాత పెరుగుతుంది. ఆ తగ్గిన రోజులలో ఓర్పు వహించినవారికే గురి దక్కుతుంది.

గురి నేర్చుకొనేవారికి ఓర్పుతోపాటు ధైర్యమూ కావాలి. కండబలం కాదు, నలుగురూ నవ్వుతారేమోనన్న భయాన్ని జయించే ధైర్యం. దీనికి ఫ్రీ త్రో చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. ఎదుటివారు తప్పు చేసినప్పుడు ఇచ్చే అవకాశమే ఫ్రీ త్రో. బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో గీచిన గీత వెనుక నిలిచి, ఐదు సెకన్ల లోపల బంతి వేయాలి. ఎవరూ అడ్డురారు. అయినా చాలామంది ఇక్కడే తడబడతారు. విల్ట్ ఛాంబర్లిన్ ఏడడుగుల ఎత్తు గల మహాబలుడు. ఫ్రీ త్రో మాత్రం అతనికి కొరుకుడుపడలేదు. ఒక దశలో అతడు రెండు చేతులతో బంతిని మోకాళ్ళ మధ్య నుంచి పైకి ఎత్తి వేసే పాత పద్ధతిని అనుసరించాడు. 1962 మార్చి 2వ తేదీన ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించి చరిత్ర సృష్టించాడు. ఆ రోజు వేసిన 32 ఫ్రీ త్రోలలో 28 రింగులో పడ్డాయి. ఇంత మేలు చేసిన పద్ధతిని అతడు తరువాత విడిచిపెట్టాడు. అలా వేస్తుంటే నలుగురిలో వెర్రివాడిలా కనిపిస్తున్నానని సిగ్గుపడ్డట్లు తన ఆత్మకథలో అతడే ఒప్పుకున్నాడు. 1967-68 పోటీలలో అతని ఫ్రీ త్రోలు నూటికి 38 మాత్రమే పడ్డాయి. రిక్ బ్యారీ అనే మరొక ఆటగాడు తండ్రి నేర్పిన ఆ పద్ధతినే ఎవరేమన్నా విడువలేదు. అతని ఫ్రీ త్రోలు నూటికి దాదాపు తొంభై పడేవి.

హ్యాంక్ లూయిసెట్టి కథ కూడా ఇటువంటిదే. ఒకప్పుడు అందరూ నేలమీద నిలిచి రెండు చేతులతోనే బంతి వేసేవారు. లూయిసెట్టి పరుగెత్తుతూ ఒంటి చేత్తో బంతి వేసేవాడు. అది ఆట పద్ధతే కాదని ఆక్షేపించినవారు ఉన్నారు. 1936 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఆటలో అతని స్టాన్‌ఫర్డ్ జట్టు, వరుసగా 43 ఆటలు గెలిచిన లాంగ్ ఐలండ్ విశ్వవిద్యాలయం జట్టును 45-31 తేడాతో ఓడించింది. నాటి నుంచి ఒంటి చేతి షాటుకు గౌరవం పెరిగింది. నేడు పాఠశాలల్లో నేర్పేది ఆ మార్గం నుంచి ఎదిగిన పద్ధతినే. కాబట్టి శిక్షకుడు చూడవలసినది చేతి అందం కాదు. ఆ విద్యార్థికి ఆ పద్ధతి ప్రతిసారీ ఒకే ఫలితం ఇస్తున్నదా లేదా అన్నది.

అన్ని పల్లెలలో బాస్కెట్‌బాలు కోర్టులు ఉండవు. కోర్టు లేనంత మాత్రాన సాధన ఆగనవసరం లేదు. బడి గోడ మీద సుద్దతో 10 అడుగుల ఎత్తున గుర్తు గీయవచ్చు. చిన్న పిల్లలైతే ఎనిమిదిన్నర అడుగులు చాలు. ఆ గుర్తు మీదికి బంతిని వంపుగా వేసి మణికట్టును సాధన చేయవచ్చు. రెండు చెట్ల మధ్య ఎత్తుగా తాడు కట్టి, ఇద్దరు చెరొక వైపు నిలిచి, తాడు మీదుగా బంతి వేసుకోవచ్చు. ఎదుటివారు ఉన్నచోటు నుంచి కదలకుండా బంతిని అందుకోగలిగితే గురి కుదిరినట్లు. కమ్మరి చేత 45 సెంటీమీటర్ల అడ్డుకొలతతో ఇనుప కడియం చేయించి గట్టి కొయ్యకు బిగిస్తే అదే రింగు. ఒక చిన్న పుస్తకంలో ప్రతిరోజూ ఎన్ని వేసినది, ఎన్ని పడినది, తప్పినవి ఏ వైపు తప్పినది రాసుకుంటే నెల తిరిగేసరికి ఆ పుస్తకమే సగం గురువు అవుతుంది.

సాధన రోజూ ఉండాలి. శిడ్లఘట్ట తాలూకాలో పట్టుపురుగులు పెంచే ఇళ్ళ పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వేళకు మల్బరీ ఆకు వేస్తేనే పురుగు పెరిగి గూడు కడుతుంది. ఈ రోజు మాని, రేపు రెట్టింపు ఆకు వేస్తే లాభం లేదు. గురి కూడా అంతే. ఒక ఆదివారం మూడు వందల బంతులు వేసి మిగిలిన ఆరు రోజులు ఊరకుండటం కంటే, రోజుకు యాభై బంతులు శ్రద్ధగా వేయడం మేలు. కాళ్ళు అలసి పద్ధతి చెడుతున్నప్పుడు ఆపివేయాలి. అలసటతో వేసిన బంతులు తప్పుడు పద్ధతినే చేతికి అలవాటు చేస్తాయి.

బంతి చేయి దాటిన తరువాత దాని మీద ఎవరికీ అధికారం లేదు. గాలి ఉంటుంది, అంచు ఉంటుంది, అదృష్టమూ ఉంటుంది. చేయి దాటే వరకు జరిగేదంతా మాత్రం ఆటగాని అధీనంలో ఉంటుంది. పాదాల నిలకడ, మోచేతి తీరు, చూపు, చేతి ముగింపు అతని సొంతం. శిక్షకుడు నేర్పేది ఆ భాగాన్నే. అది బాగుపడితే బంతి తానే దారి తెలుసుకుంటుంది. పుట్టుకతో ఒకరికి ఎత్తు రావచ్చు, మరొకరికి బలం రావచ్చు. గురి మాత్రం పల్లె పిల్లకైనా పట్టణపు పిల్లకైనా సాధనతోనే వస్తుంది.